‘కుళ్లు’ వాళ్ల తొలి ఆల్బమ్

పోయిన నెలలో మా కంపెనీలో ఏటా చేసే వైద్య పరీక్షలు జరిగాయి. అచ్యుతాపురంలో మందులు తయారుచేసే కంపెనీ మాది. నేను క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను, అంటే పొద్దున్నించి సాయంత్రం దాకా ఏసీ గదిలో గాజు సీసాలకేసి అనుమానంగా చూస్తూ కూర్చునే ఉద్యోగం. చెవుల పరీక్ష చేసే అమ్మాయి నన్నొక బీరువాలాంటి గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, కీచుమని వినబడినప్పుడల్లా బటన్ నొక్కమంది. నేను శ్రద్ధగానే నొక్కాననుకున్నాను. బయటికొచ్చాక ఆ అమ్మాయి కాగితం కేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసి, “సార్, మీరు ఇదివరకు జనరేటర్ల దగ్గర గానీ చేశారా? ఎడం చెవి బాగా దెబ్బతింది” అంది. లేదన్నాను. దీపావళి బాంబులేమైనా దగ్గర్లో పేలాయా అంది. అదీ లేదన్నాను. ఆమె ఇంకా నాకేసే చూస్తుంటే, “కుర్రతనంలో బ్యాండులో ఉండేవాణ్ని” అన్నాను. “పెళ్లి బ్యాండా సార్?” అంది జాలిగా. అవునని తలూపేశాను. నలభై దాటి, ఇన్‌షర్టు వేసుకుని, మెడలో ఐడీ కార్డు తగిలించుకున్న మనిషి డెత్ మెటల్ అంటే ఏమిటో వివరించడం మొదలుపెడితే వెనక వరసలో ఉన్న ప్యాకింగు సెక్షన్ మొత్తానికి భోజనాలు ఆలస్యమయ్యేవి.

ఆ అమ్మాయికి చెప్పనిది మీకు చెబుతాను. డెత్ మెటల్ అంటే విపరీతమైన వేగంతో గిటార్లూ డ్రమ్ములూ మోగుతుంటే ఒక మనిషి కడుపు అడుగు నుంచి గర్జించే సంగీతం. అందులో చావు గురించి, కుళ్లిపోవడం గురించి పాడతారు. పాడతారు అన్నది మర్యాదకి అంటున్న మాట. పదహారు పదిహేడేళ్ల కిందట విశాఖపట్నంలో ఇలాంటి సంగీతం చేసిన ముగ్గురిలో నేనొకణ్ని. మిగతా ఇద్దరిలో ఒకడు, గర్జించేవాడు, మా మేనత్త కొడుకు, నాకు బావ; గిటార్లు అతనూ నేనూ వాయించేవాళ్లం. రెండోవాడు డ్రమ్ములు కొట్టే భాయ్. బావా నేనూ ఎలమంచిలి పక్క పల్లెల్లో చెరుకు పండించే ఇళ్లనుంచి వచ్చి, మద్దిలపాలెంలో బస్సుల డిపో వెనక ఒక గదిలో అద్దెకుండేవాళ్లం. నేను డిప్లొమా అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. బావ ఒక చిన్న షెడ్డులో వెల్డరు.

ఆ సంగీతం బావకి ఎలా దొరికిందంటే, పాత ఊళ్లో ఓడల మీంచి దిగిన పాత సామాను అమ్మే కొట్లు కొన్ని ఉండేవి. దుప్పట్లు, స్టీలు గిన్నెలు, చెడిపోయిన రేడియోలు, అన్నీ కుప్పపోసి అమ్మేవాళ్లు. బావ వెల్డింగుకి పనికొచ్చే కళ్లద్దాలు ఉంటాయేమోనని వెళ్లి, ఏ దేశపు నావికుడో వదిలించుకున్న క్యాసెట్ల సంచీతో తిరిగొచ్చాడు. మొదటి క్యాసెట్ పెట్టగానే నేను టేపు నలిగిపోతోందనుకుని ఆపెయ్యబోయాను. బావ నా చెయ్యి పట్టుకున్నాడు. వాళ్ల నాన్న, మా మావయ్య, రాళ్లు పిండి చేసే క్రషర్లో ఇరవయ్యేళ్లు పనిచేసి, ఊపిరితిత్తుల నిండా ఆ పిండే నింపుకుని, అరుగు మీద పడుకుని నెలల తరబడి తీసుకుని తీసుకుని పోయాడు. “ఇది పాటనుకోకు బావా. ఆఖరి వారం మా అయ్య ఇలాగే కదేటి ఊపిరి తీసినాడు? ఆ సౌండు ఎవడో రికార్డు సేసి అమ్మీసినట్టున్నాది,” అన్నాడు. ఆ సాయంత్రం నుంచి అతను స్నానాలగదిలో బకెట్ నీళ్లు వదిలి గర్జించడం నేర్చుకోసాగాడు. ఇంటివాళ్లు రెండుసార్లు తలుపు కొట్టి డాక్టర్ని పిలవమంటారా అని అడిగారు.

బ్యాండుకి ‘కుళ్లు’ అని పేరు పెట్టింది బావే. మురిగిపోవడం అని అతని ఉద్దేశం. కానీ మన భాషలో ఆ మాటకి ఇంకో అర్థం ఉందని పేరు పోస్టర్ల మీదికెక్కాక గానీ మాకు తట్టలేదు. మా అత్త ఫోన్ చేసి, “ఎవల మీద కుళ్లురా మీకు? ఉన్నదాంతో సర్దుకోవాల గాని,” అని కోప్పడింది.

భాయ్ దొరకడం కూడా అనుకోకుండానే జరిగింది. బావ పనిముట్లు దాచుకోవడానికి రేకు పెట్టె కొందామని పాత ఊళ్లో ఒక సందులోకి వెళ్లాడు. అక్కడ ట్రంకుపెట్టెలు చేసే కొట్లో, మా వయసువాడే, ఒక పెట్టెని మోకాళ్ల మధ్య పెట్టుకుని రెండు చేతులతో రెండు సుత్తులతో మేకులు దిగ్గొడుతున్నాడు. కుడిచెయ్యి ఒక వేగం, ఎడంచెయ్యి దానికి సంబంధం లేని ఇంకో వేగం. బావ పెట్టె సంగతి మర్చిపోయి గంటసేపు అక్కడే నిలబడ్డాడట. కొట్టు వాళ్ల నాన్నది. ఆయన జీవితమంతా రేకు కొట్టీ కొట్టీ సగం చెవుడు వచ్చిన మనిషి. కొడుకు ఇల్లూ కొట్టూ కలిసే ఉన్న ఆ నాలుగు గోడల మధ్యే పెరిగాడు. మా మధ్య తిరిగి తిరిగి అతనూ అందరినీ బావా అనడం అలవాటు చేసుకున్నాడు, మేము అతన్ని భాయ్ అన్నాం.

సాధనకి ఆ కొట్టే మాకు దిక్కయింది. ఆదివారం మధ్యాహ్నాలు పని ఆపేసేవాళ్లు. పెట్టెలన్నీ గోడకి జరిపి, మధ్యలో సెకండ్ హ్యాండు డ్రమ్ములు పరిచేవాళ్లం. ఎండకి రేకు వాసన, పెయింటు వాసన, పక్కింట్లోంచి బిర్యానీ వాసన. బావ మొదటిసారి అక్కడ గర్జించినప్పుడు భాయ్ వాళ్ల అమ్మ పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. “అల్లా! ఎవరికి బేటా దెబ్బ తగిలింది?” అంది. ఎవరికీ కాదమ్మీ, పాట అన్నాడు కొడుకు. ఆమె బావ ముఖం పరకాయించి చూసి, నమ్మనట్టే వెళ్లి, పది నిమిషాలకి అల్లం దట్టించిన చాయ్ పంపింది. అది మొదలు ప్రతి ఆదివారమూ బావకి అల్లం చాయ్, మాకు మామూలు చాయ్. భాయ్ వాళ్ల నాన్న మాత్రం ఒక మూల కుర్చీ వేసుకుని ప్రశాంతంగా కునుకు తీసేవాడు. ఇంత చప్పుడులో ఎలా నిద్రపడుతుంది బాబా అని అడిగితే, “ఇదేం చప్పుడు? మా ఉస్తాద్ దగ్గర పన్నెండుమందిమి ఒకేసారి కొట్టేవాళ్లం,” అన్నాడు.

ఆల్బమ్ రికార్డు చెయ్యడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. మైకుసెట్ల వాడి దగ్గర తెచ్చిన రెండు మైకులు, నా డొక్కు కంప్యూటరు. ఏడు పాటలు. డ్రమ్ము మీద దెబ్బ పడ్డప్పుడల్లా గోడ వార పేర్చిన ఖాళీ పెట్టెలన్నీ గొంతు కలిపినట్టు ‘జుయ్’ మనేవి. ఆపడానికి వాటిలో పాతబట్టలు కుక్కాం, పైన పరుపులు వేశాం, లాభం లేకపోయింది. ఇప్పుడు వింటే ఆ రికార్డింగులో మెచ్చుకోదగ్గది ఆ పెట్టెల మోత ఒక్కటే అనిపిస్తుంది. అప్పట్లో నాకు అదంటే సిగ్గు. సిగ్గు వేసేవి ఇంకా చాలా ఉన్నాయి. మైకులు ఆన్‌లోనే ఉండేవి కనుక పాటకీ పాటకీ మధ్య మా మాటలన్నీ పడ్డాయి. వాటిలో మూడొంతులు భాయ్‌వే. అతను కూర్చున్నచోట ఊరుకునే మనిషి కాదు. చెమట తుడుచుకుంటూ, తిడుతూ, పక్కింటి మేకని వెక్కిరిస్తూ, పాట ఎత్తుకోబోయే ముందు కర్రలు తాటించి ‘ఏక్, దో’ అని లెక్కపెడుతూ, మళ్లీ ఆపి నవ్వుతూ. అవన్నీ తీసేస్తానన్నాను.

“ఎందుకురా తీసీడం? ఉండనీ. మడుసులున్నట్టుంటాది,” అన్నాడు బావ.

“విదేశాల ఆల్బముల్లో ఇలాగుంటుందా బావా? ఎవరైనా వింటే నవ్వుతారు,” అన్నాను.

భాయ్ నా పక్షానే మాట్లాడాడు. “తీసెయ్ బావా. అమ్మీ వినిందంటే నా బూతులన్నీ దొరికిపోతాయి. ఇంట్లోకి రానియ్యదు.”

రెండు రోజులు కూర్చుని, కత్తెర పట్టుకున్న దర్జీలాగా, పాట కాని ప్రతి ముక్కా తీసేశాను. పని శుభ్రంగా వచ్చిందని మురిసిపోయాను. ఆ తర్వాత నాకు ఉద్యోగం రావడంతో ఆ కంప్యూటరుని మార్చి కొత్తది తీసుకున్నాను.

ఆల్బమ్ చరిత్ర రెండు ముక్కల్లో చెప్పవచ్చు. మద్దిలపాలెంలో ఒక సీడీల కొట్టువాడిని బతిమాలి పది సీడీలు అక్కడ పెట్టించాం. ‘కుళ్లు’ అన్న పేరు చూసి అతను వాటిని కామెడీ సీడీల వరసలో పెట్టాడు. ఒకాయన కొనుక్కెళ్లి మర్నాడే తిరిగి తెచ్చి, సీడీ పాడైపోయింది, మొత్తం గరగరలాడుతోంది, ఇంకోటివ్వమన్నాడు. కొట్టువాడు ఇంకోటిచ్చాడు. అదీ తిరిగొచ్చింది. ఒక కాలేజీ ఉత్సవంలో పట్టపగలు వాయించాం. రెండో పాటలో ఎవరో కరెంటు తీసేశారు. కరెంటు లేకపోయినా భాయ్ పాట చివరిదాకా ఒక్కడే డ్రమ్ములు కొట్టాడు. ముందు వరసలో కూర్చున్న ప్రిన్సిపాల్ గారు చెవుల మీంచి చేతులు తియ్యలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ముగ్గురం నవ్వుకుంటూనే ఉన్నాం. రెండో ఆల్బమ్‌కి బావ అప్పటికే పాటలు రాస్తున్నాడు. అతని మాటలు ఒక్కటీ ఎవరికీ అర్థం కాకపోయినా తెలుగులోనే రాసేవాడు, రాసి మాకు మామూలు గొంతుతో చదివి వినిపించేవాడు. అన్నీ పనిలోకి వెళ్లి తిరిగిరాని మనుషుల గురించే.

అప్పటికే రేకు పెట్టెలు ఎవరూ కొనడం లేదు. అవి కొనేది హాస్టళ్లకి వెళ్లే పిల్లలు, మిలిటరీవాళ్లు. వాళ్లు కూడా ప్లాస్టిక్ సూట్‌కేసులకి మారిపోయారు. భాయ్ ఒక రసాయనాల కంపెనీలో హెల్పరుగా చేరాడు. నేను అప్పటికే వేరే కంపెనీలో చేరి ఉన్నాను కాబట్టి, ఎలా ఉంటుందని నన్నే అడిగాడు. బాగానే ఉంటుంది, బస్సు ఇంటి దగ్గరికే వస్తుంది అని నేనే చెప్పాను. చేరిన అయిదో నెలలో ఒక పొద్దున, పదకొండు గంటలప్పుడు, ఖాళీ చేసిన ట్యాంకు కడగడానికి అతనూ ఇంకొకతనూ లోపలికి దిగారు. ట్యాంకులో ఇంకా ఆవిరి మిగిలి ఉంది. మొదట దిగినవాడు పడిపోతే, అతన్ని పైకి తీద్దామని రెండోవాడు వంగి తనూ పడిపోయాడట. ఎవరు మొదటివాడో ఎవరు రెండోవాడో ఈనాటికీ ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నేను భాయ్ రెండోవాడే అనుకుంటాను.

ఆస్పత్రి మార్చురీ బయట బావ, నేను, వాళ్ల నాన్న. ఆయనకి ఎవరేం చెబుతున్నారో వినబడక, నోళ్ల కదలిక బట్టి అర్థం చేసుకోవాలని ఒక్కో ముఖం కేసీ చూస్తున్నాడు. మర్నాడు మధ్యాహ్నం జనాజాలో పాడెకి బావ భుజం పట్టాడు. దారిపొడుగునా మార్చుకోవడానికి ఎవరు ముందుకొచ్చినా వదల్లేదు.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయిపోయాక, భోజనాలు చేసి అందరూ వెళ్తుంటే, భాయ్ వాళ్ల అమ్మ నన్ను ఉండమంది. కొట్లోనే, పెట్టెల మధ్య పీట వేసి కూర్చోబెట్టింది.

“బేటా, మీరు చేసిన సీడీ పక్కింటి పిల్ల పెట్టి వినిపించింది. మొత్తం విన్నాను. రెండుసార్లు విన్నాను. అందులో అరిచేది మీ బావ కదా. మావాడి మాట ఎక్కడొస్తుంది?”

“డ్రమ్ములు మొత్తం భాయే కదమ్మీ,” అన్నాను.

“అవి చేతులు బేటా. వాడి చేతుల చప్పుడు నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు, ఈ కొట్లోనే విన్నాను. నాకు గొంతు కావాలి. ఎక్కడా లేదు. ఫోన్లో ఉందేమో అంటే ఫోను వాడితోపాటే పోయింది. మీరు వారం వారం ఇక్కడ రికార్డు చేశారు కదా, ఒక్క మాటైనా పడలేదా?”

పడ్డాయి, నేనే తీసేశాను అని చెప్పలేకపోయాను. వెతుకుతానని చెప్పి వచ్చేశాను. పాత కంప్యూటరు ఎవరి చేతుల్లో ఉందో ఆరా తీసి, వాళ్ల ఇంటికి వెళ్లి, వాళ్లని ఒప్పించి, హార్డ్‌డిస్కు పట్టుకెళ్లి పోయిన ఫైళ్లు వెనక్కి తెచ్చే కొట్లో ఇచ్చాను. వారం తర్వాత అందులోంచి కొన్ని సినిమా పాటలు, ఎవరిదో బారసాల ఫొటోలు బయటపడ్డాయి. అంతే.

అప్పుడు ఆ సీడీనే మళ్లీ ముక్క ముక్కా విన్నాను. నా కోత అంత శుభ్రంగా ఉంటుందని అనుకోలేదు. ఒక్క చోట, అయిదో పాట మొదట్లో, తొలి దెబ్బకి ముందు ‘ఏ’ అన్నంత శబ్దం, అరక్షణం కూడా ఉండదు, కోతకి అందకుండా మిగిలిపోయింది. భాయ్ లెక్కపెట్టే ‘ఏక్’లో మొదటి తునక కావచ్చు. బావ గర్జించబోయే ముందు పీల్చుకున్న ఊపిరీ కావచ్చు. నేను మొదటిదే అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. దాన్ని విడదీసి, కాస్త పెద్దది చేసి, చిన్న మీటల ఫోనులో వేసి ఆమె చేతికిచ్చాను.

ఆమె చెవికి ఆనించుకుని, పైన చున్నీ కప్పుకుని వింది. మళ్లీ నొక్కమంది. మళ్లీ. ఎన్నిసార్లు నొక్కానో తెలియదు. “వాడే,” అంది చివరికి. “‘ఏ అమ్మీ’ అని పిలవబోతున్నాడు. చిన్నప్పట్నుంచీ అలాగే పిలిచేవాడు, బడినుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పకముందే.” నా తల మీద చెయ్యి పెట్టింది.

గదికొచ్చి బావకి సంతోషంగానే చెప్పాను. అతను హెడ్‌ఫోన్లు పెట్టుకుని రెండుసార్లు విన్నాడు. తీసి పక్కన పెట్టి, మంచమ్మీద కూర్చుండిపోయాడు.

“ఒరే, అది నానురా,” అన్నాడు.

“నీకెలా తెలుసు?”

“ఊపిరి తీసినప్పుడు ముక్కులో ఈల వినబడ్నేదేటి? సిన్నప్పట్నుంచీ ఉన్నాది నాకు. మా అయ్యకీ ఉండీది.”

నాకు కూడా అప్పుడు వినబడింది ఆ ఈల. ఒకసారి వినబడ్డాక వినబడకుండా చేసుకోవడం కుదరదు. ఇప్పుడేం చేద్దాం, వెళ్లి చెప్పేద్దామా అన్నాను.

“ఏటని సెప్తావ్? ఇది నీ కొడుకు కాదమ్మా, ఈ ఎదవ, ఈడింకా బతికే ఉన్నాడు, ఈడి ఊపిరి, అని సెప్తావా?”

ఆ తర్వాత బావ ఆ ఇంటికి వెళ్లలేదు. పండగలకి ఆమె కబురు పెట్టేది, గొంతెలా ఉంది అని అడిగేది. తను అక్కడ కూర్చుని ఏ మాటో మాట్లాడుతూ మధ్యలో ఊపిరి తీస్తే ఆమె పోల్చుకుంటుందని అతని భయం. గర్జించడం కూడా మానేశాడు. నేనేదో అనబోతే, ఇకమీదట నోరు తెరిస్తే అది తన గొంతో కాదో తనకే తెలియడం లేదన్నాడు. ఏడాది తిరక్కుండా మేం గది ఖాళీ చేశాం. ఇప్పుడతను ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో సూపర్‌వైజరు. ఎప్పుడైనా పెళ్లిళ్లలో కలిస్తే షుగరు గురించి, పిల్లల స్కూలు వ్యాను గురించి మాట్లాడుకుంటాం. గిటారు ఏమైంది బావా అని ఒకసారి అడిగాను. “ఏ గిటార్రా?” అన్నాడు, నవ్వకుండా.

నేను మాత్రం ఏటా రంజాన్‌కి వెళ్తూనే ఉన్నాను. బాబా పోయాడు. కొట్టు సగం అద్దెకిచ్చేశారు, అందులో ఫోన్ల కవర్లు అమ్ముతారు. ఈ ఏడు వెళ్లినప్పుడు ఆమె సేమియా గిన్నె నా ముందు పెట్టి, పాత ఫోను బ్యాటరీ నిలవడం లేదు, చెల్లెలి కొడుకు కొత్తది కొనిచ్చాడు, అందులోకి వేసిపెట్టమంది. వేశాను. సరిగ్గా పడిందో లేదో చూడాలి కాబట్టి ఒకసారి నొక్కి వినక తప్పలేదు. ఈల స్పష్టంగా ఉంది.

ఆమె ఫోను తీసుకుని, చెంగుతో తుడిచి, “ముందు వాడి మాటలు చాలా గుర్తుండేవి బేటా. తిట్టింది, నవ్వింది, జ్వరంలో కలవరించింది, అన్నీ చెవిలో మోగేవి. ఇప్పుడు ఏది తలుచుకున్నా ఇదే వినిపిస్తుంది. మిగతావన్నీ పోయాయి. నువ్వు కాపాడావు కాబట్టి ఈ ఒక్కటైనా మిగిలింది,” అంది.

సేమియా తిన్నాను. ఇంకొంచెం వేస్తే అదీ తిన్నాను. బస్సులో కూర్చున్నాక భాయ్ గొంతు గుర్తుచేసుకోవాలని ప్రయత్నించాను. అతనన్న మాటలు చాలా గుర్తొచ్చాయి, అక్షరం పొల్లుపోకుండా. కానీ అవన్నీ నా గొంతులోనే వినబడ్డాయి. కాలం మనుషుల్ని తీసుకుపోతుందన్న సంగతి ఏనాడో ఒప్పుకున్నాను. తీసుకుపోయిన చోట ఏది దొరికితే అది పెట్టి పోతుందనీ, కొన్నేళ్లు గడిస్తే అదే అసలైపోతుందనీ, ఇక ఎవరెళ్లి నిజం చెప్పినా అసలుది తిరిగి రాదనీ మాత్రం ఈ మధ్యనే తెలిసింది.